మెదడును వినడం వేరు, మనసుకు మార్కులు వేయడం వేరు



బడి ప్రహరీగోడ బయట నిలబడి ఒకసారి చెవి ఒగ్గి వినండి. తరగతి అంతా ఒక్క గొంతుతో ఎక్కాలు అప్పజెబుతుంటే మీకు తెలిసిపోతుంది. కాని మూడో బెంచీ పిల్లవాడు పక్కవాడి చెవిలో ఏం ఊదాడో తెలుస్తుందా? తెలియదు. అది తెలియాలంటే ప్రతి బెంచీ దగ్గరా ఒక మైకు పెట్టాలి. మెదడును వినే పరికరాల సంగతీ ఇంతే.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి విద్యుత్ స్పందనలతో సంకేతాలు పంపుతాయి. ఒక్కొక్క స్పందన సెకనులో వెయ్యోవంతు కాలం మాత్రమే ఉంటుంది. కణం పక్కనే ఎలక్ట్రోడు ఉంచినా, దానికి అందేది వోల్టులో పదివేలవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మీ టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1.5 వోల్టులు దీనికి 15,000 రెట్లు!

1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు తరంగాలను మొదటిసారి నమోదు చేశాడు. తలపైన ఎలక్ట్రోడులు అంటించి వినే పద్ధతి అలా మొదలైంది. ఇది గోడ బయటినుంచి వినడం. మూర్ఛవ్యాధిని గుర్తించడానికి వైద్యులు నేటికీ దీన్నే వాడుతున్నారు.

లోపలినుంచి వినే పరికరాలూ వచ్చాయి. ఎలుకల మెదళ్లపై పరిశోధనకోసం 2017లో ప్రకటించిన ‘న్యూరోపిక్సెల్స్’ సూది వెడల్పు ఇంచుమించు వెంట్రుకంత. దానిపై 960 ఎలక్ట్రోడులు; ఒకేసారి 384 పనిచేస్తాయి. ప్రతి దాని సంకేతాన్నీ పెంచి, సెకనుకు 30,000 సార్లు కొలిచి అంకెగా మార్చాలి. అంటే సెకనుకు 1,15,20,000 అంకెలు! అంత చిన్న చోట 384 కొలత యంత్రాలు పట్టవు. అందుకే 32 మాత్రమే పెట్టారు. ఒకే బావిలో పన్నెండు ఇళ్లవారు వంతులవారీగా నీళ్లు తోడుకున్నట్లు, ఒక్కొక్క దాన్ని 12 ఎలక్ట్రోడులు పంచుకుంటాయి.

ఈ విద్య మేలు చేస్తుంది. కాళ్లూ చేతులూ చచ్చుబడిన ఒక అమెరికా యువకుడు, మెదడులో అమర్చిన 96 ఎలక్ట్రోడుల సాయంతో కంప్యూటరు తెరమీది గుర్తును తలపుతోనే కదిలించాడని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

కాని 2019లో చైనాలో ఒక ప్రాథమిక పాఠశాల ఏం చేసిందో చూడండి. పిల్లల తలలకు పట్టీలు కట్టింది. పట్టీకి మూడే ఎలక్ట్రోడులు. పిల్లవాడి ధ్యాస పాఠంమీద ఉందో లేదో నుదుటిమీది దీపం రంగు చెబుతుందట! తల్లిదండ్రులు, ప్రజలు అభ్యంతరం చెప్పాక దాన్ని ఆపేశారు.

పట్టీ ఉంటే వెనకబడిన పిల్లవాణ్ణి ఉపాధ్యాయుడు వెంటనే గుర్తించవచ్చు కదా అనేవారున్నారు. నేను ఒప్పుకోను. కపాలం బయట మూడు చోట్ల దొరికేది లక్షలాది కణాల కలగాపులగం రొద. కనురెప్ప కొట్టినా, నుదురు ముడిచినా పుట్టే విద్యుత్తు దాన్ని మించిపోతుంది. పైగా, కిటికీలోంచి చూస్తున్న పిల్లవాడు లెక్క గురించే ఆలోచిస్తూ ఉండవచ్చు. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు అలాంటివారు చాలామంది తారసపడ్డారు. వారి సంగతి తెలుసుకోవడానికి దీపం అక్కరలేదు, ఒక ప్రశ్న అడిగితే చాలు.

2021లో చిలీ దేశం తన రాజ్యాంగంలోనే మెదడు సమాచారానికి రక్షణ కల్పించింది. మంచి పని. రేపు మీ దగ్గరికి ఎవరైనా ఇలాంటి పట్టీ తెస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని ఎలక్ట్రోడులున్నాయి? అవి ఎక్కడినుంచి వింటున్నాయి? విన్నది ఎవరి దగ్గర ఉంటుంది? జవాబులు వచ్చేదాకా తల వంచకండి.