చేమిరి లేని పెరుగు

పెరుగు తోడుపెట్టే విధానం కాగితం మీద రాసిమ్మంటే మా ఆవిడ నాలుగు ముక్కల్లో రాసిస్తుంది: పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చేమిరి వేసి, కదపకుండా ఉంచాలి. అంతా నిజమే. కాని చేమిరి లేని ఇంట్లో ఆ కాగితం ఎందుకండీ? పక్కింటికి గిన్నె పట్టుకు వెళ్ళవలసిందే.

పేటెంటు చట్టానికీ ఈ చిక్కే వచ్చిపడింది. పేటెంటంటే ఒక విధమైన బేరం. కొత్తది కనిపెట్టినవాడికి 20 ఏళ్ళ హక్కు. అందుకు బదులుగా అతడు గుట్టంతా విప్పాలి, ఆ విద్య తెలిసినవాడు చదివి చేసుకోగలిగేటట్టు. యంత్రమైతే బొమ్మ గీసి చూపిస్తాడు. మట్టిలో దొరికిన సూక్ష్మజీవి మందునిస్తుందనుకోండి, దాన్నెలా చూపడం? ఎంత వర్ణించినా చదివినవాడి చేతికి అది రాదు. మళ్ళీ ఆ మట్టే తవ్వినా అదే దొరుకుతుందన్న పూచీ లేదు.

అమెరికాలో 1970లో తేలిన అర్గుడెలిస్ కేసు ఇటువంటిదే. దరఖాస్తుకు ముందే జీవిని సర్కారు భాండాగారంలో దాచి, పేటెంటు వచ్చాక అడిగినవారికి అందేటట్టు చేస్తే చాలునని కోర్టువారన్నారు. 1977లో బుడాపెస్టులో దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి: గుర్తింపు పొందిన ఒక్కచోట దాస్తే సభ్యదేశాలన్నిటా చెల్లుతుంది, కనీసం 30 ఏళ్ళు భద్రపరచాలి. మనం 2001లో చేరాం. మరుసటి ఏడు చండీగఢ్ భాండాగారానికి ఆ గుర్తింపు వచ్చింది. అంతవరకు అటువంటి చోటు మన దేశంలో లేదు. అక్కడ ఈ జీవుల్ని గడ్డకట్టించో, ఎండబెట్టి గాజుగొట్టాల్లో మూసో ఉంచుతారు. అదీ ఊరందరి చేమిరి!

నాకు మరీ నచ్చింది, మనవాళ్ళు 2002లో చట్టంలో చేర్చిన ఇంకో మాట. వస్తువును దాచడమే కాదు, అది ఎక్కడిదో, ఏ ప్రాంతానిదో కూడా దరఖాస్తులో చెప్పి తీరాలి. చెప్పకపోయినా, అబద్ధం చెప్పినా, పేటెంటు రద్దు చెయ్యమని అడగవచ్చు. కొందరికిది చాదస్తంగా తోస్తుందట. నాకు తోచదు. ఏ మన్యంలోని మట్టో, ఏ పల్లె చెరువు బురదో అని కాగితం మీద ఉంటేనే గదా, రేపు మందు అమ్ముడుపోయి డబ్బు వచ్చిననాడు ఆ ఊరివాళ్ళు మా వాటా ఏదీ అనగలిగేది! 'ఇండియా' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే వాళ్ళు ఎవరి గుమ్మం ఎక్కుతారు?