తల్లి కూలికి పోతే పసిబిడ్డకు దిక్కెవరు?

మాఘం ముగిసి ఫాల్గుణం వస్తున్నదంటే నిజామాబాద్ ప్రాంత పల్లెల్లో పని ముమ్మరమవుతుంది. ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు తవ్వకాలు, బోధన్ వైపు మిగిలిన చెరుకు నరకడం, ఊరూరా యాసంగి వరిలో కలుపు. మోదుగులు పూస్తాయి. మామిళ్లు పూత మీద ఉంటాయి. తెల్లవారుజామున దుప్పటి కప్పుకునే చలి, మధ్యాహ్నం నెత్తి మాడ్చే ఎండ. చూసేవారికి ఇది వసంతం. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్న కూలి తల్లికి మాత్రం ఏడాదిలోకెల్లా గడ్డుకాలం.

కూలి దండిగా దొరికేది ఈ నెలల్లోనే. బిడ్డను పట్టే మనిషి దొరకనిదీ ఈ నెలల్లోనే. ఊళ్లో చేతనైన ఆడవాళ్లంతా పనికి పోతారు కనుక పక్కింటి వదినెకు అప్పగించి పోదామన్నా ఆమె కూడా ఇంట్లో ఉండదు.

ఆ ఇంట్లో పొద్దు ఎలా మొదలవుతుందో చూడండి. కోడి కూయకముందే లేచి వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, వంట చేసి సద్ది కట్టుకోవాలి. ఆరు గంటలకు కూలీల ఆటో చౌరస్తాలో ఆగుతుంది. అది తప్పిపోతే ఆనాటి కూలి పోయినట్టే. మూడేళ్ల పిల్లవాడు కొంగు వదలడు. "నేను గూడ వస్తనే అమ్మా" అని ఏడుస్తాడు. "పొద్దుగూకంగ వస్త బిడ్డా, అక్క తాన ఉండు" అని చెయ్యి విడిపించుకుని తల్లి పోతుంది. ఆ అక్క వయసు తొమ్మిదేళ్లు.

అంగన్‌వాడీ కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి. ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంటికి పెద్దదిక్కు ఆ పిల్లే. తమ్మునికి మొహం కడిగి, బువ్వ తినిపించి, కేంద్రంలో దింపి తాను బడికి ఉరకాలి. ఇంట్లో ఉన్నది ఏడాది బిడ్డయితే ఆ పాటి వీలు కూడా లేదు. మూడేళ్లు నిండని పిల్లలకు కేంద్రం నుంచి బాలామృతం ప్యాకెట్ వస్తుంది గాని, పగలంతా బిడ్డను ఉంచుకుని చూసే ఏర్పాటు లేదు. అప్పుడు అక్క బడి మానుతుంది. ఒకనాడు, రెండునాళ్లు అనుకున్నది తవ్వకాలు ముగిసేదాకా సాగుతుంది. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే చదువుకునే పిల్లలు కూడా పన్నెండున్నరకే ఇల్లు చేరతారు. తల్లి వచ్చేది దీపాల వేళకు.

పొలానికి తీసుకుపోతే

బిడ్డను వెంట తీసుకుపోయే తల్లులూ ఉన్నారు. గట్టు మీది చెట్టుకొమ్మకు పాత చీరతో తొట్టెల కట్టి పడుకోబెడతారు. పొద్దున నీడ ఉన్నచోట పది గంటలకు ఎండ పడుతుంది. తవ్విన పసుపు మట్టి దులిపి, కాడి, గోళ వేరు చేసే తల్లి మధ్యమధ్య లేచివచ్చి తొట్టెల జరపాలి. లేచిన ప్రతిసారీ చేసిన పని తగ్గుతుంది.

పసుపు ఉడకబెట్టే చోట సంగతి వేరు. ఒక పక్క కడాయిలు లేదా ఆవిరి బాయిలర్లు, మరోపక్క పొగలు కక్కుతున్న పసుపు కుప్పలు. కాళ్లొచ్చిన పిల్లవాడికి అదంతా ఆట వస్తువులే. చెరుకు తోటలో మగడు నరికితే భార్య ఆకు దూసి మోపులు కడుతుంది. కూలి టన్ను లెక్కన వస్తుంది కనుక ఇద్దరి చేతులూ ఆగకూడదు. బిడ్డ మాత్రం ఎండుటాకుల మీద నిద్రపోతుంటుంది. అదే దారిన ట్రాక్టరు ట్రాలీ వెనక్కి వస్తుంది. అక్కడ ఏ ప్రమాదమూ జరగని రోజు అదృష్టం కొద్దీ గడిచిన రోజే.

ఇంటిపట్టున ఉండి బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు తల్లి కళ్లముందే ఉంటారు. నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్, ఆర్మూరు పల్లెల్లోనూ ఇలాంటి ఇళ్లు వేలున్నాయి. కాని ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. పాకే బిడ్డ ఆ చేట అంచు పట్టుకునే లేచి నిలబడుతుంది. కార్ఖానా వేళకు లెక్క అప్పగించాలన్న తొందరలో తల్లి బిడ్డను దూరం నెట్టలేదు, పని ఆపలేదు. ఇంట్లో గాలి నిండా తంబాకు ధూళి.

శక్కర్‌నగర్ మూగబోయాక

నిజాంసాగర్ నీళ్లు 1931 నుంచి పారాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొన్నది. దాని పేరు మీద శక్కర్‌నగర్ వెలిసింది. నెల జీతం వచ్చే ఇంట్లో తల్లి బిడ్డను చూసుకుంటూ ఉండే వీలుండేది. చెరుకు నరికే కూలి తల్లికి మాత్రం అప్పుడూ ఆ వీలు లేదు. ఆ సంగతి మరిచి పాతకాలాన్ని పొగడడం న్యాయం కాదు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. నెల జీతం మీద బతికిన ఇళ్లు కొన్ని దినకూలి మీదికి వచ్చాయి. మగవారు గల్ఫ్ దేశాలకు పోయిన ఇళ్లలో పొలం, కూలి, పిల్లలు మూడూ ఒక్క ఆడమనిషి మీదే పడ్డాయి.

"పూర్వం పిల్లలు పెరగలేదా?" అని పెద్దలు అడుగుతారు. పెరిగారు. అయితే వాళ్లను ఎత్తుకుని పెంచింది ఎవరో కూడా చెప్పాలి. యాభై ఏళ్లు దాటిన ఆడవాళ్లను చదువు ఎందుకు ఆగిందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "తమ్మున్ని ఎత్తుకోవాలని బడి మాన్పిచ్చిన్రు." ఆ తమ్ముడు చదువుకున్నాడు. అక్క వేలిముద్ర వేస్తున్నది. ఆ కథ మనుమరాలి దాకా సాగనివ్వాలా?

చట్టాల్లో ఉన్నది, చేనులో లేదు

పసిపిల్లల సంగతి ప్రభుత్వాలకు తెలియక కాదు. 30 మందికి పైగా స్త్రీలు పనిచేసేచోట పిల్లల గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. పని స్థలానికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే, వాళ్లను చూసేందుకు ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలోనే శిశుసంరక్షణ ఏర్పాటు చేసే 'పాల్నా' పథకం 2022లో వచ్చింది.

కాని పది మంది ఆడవాళ్లు ఇవాళ ఒక రైతు పసుపు తవ్వి, రేపు ఇంకొక రైతు చేనుకు పోతారు. వారికి ఫ్యాక్టరీ లేదు, హాజరు పట్టీ లేదు. వారి బిడ్డలు ఏ లెక్కలోకీ రారు.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. తవ్వకాలు, నరుకుళ్లు సాగే ఆ రెండు మూడు నెలలు ఊరికొక చోట, అంగన్‌వాడీలో గాని కమ్యూనిటీ హాలులో గాని, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పిల్లలను ఉంచుకునే ఏర్పాటు చేయాలి. ఈ భారాన్ని అంగన్‌వాడీ టీచర్, ఆయాల నెత్తిన ఊరికే రుద్దడం తగదు. వారికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. చేను పని చేయలేని వయసులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లను మహిళా సంఘం ఎంచితే, వారికి దినకూలి ఇస్తే చాలు. పంచాయతీ కొంత, పసుపు రైతులు కొంత, చెరుకు కొనే మిల్లులు కొంత వేసుకోవచ్చు. బిడ్డ భద్రంగా ఉన్నదని తెలిసిన తల్లి పని నిలకడగా చేస్తుంది కనుక రైతుకూ ఇందులో నష్టం లేదు.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఎన్నో ఏళ్ల కోరిక తీరిందని రైతులు సంతోషించారు. ధర, నాణ్యత, ఎగుమతి గురించి బోర్డు మాట్లాడాలి. దానితోపాటు ఆ పసుపు తవ్వే, ఏరే, ఆరబోసే చేతుల గురించీ ఒక మాట చెప్పాలి.

కాముని పున్నమికి బోధన్ దగ్గరి హున్సాలో పిడిగుద్దుల ఆట జరుగుతుంది. తెల్లారి పత్రికల్లో ఫొటోలు పడతాయి. అదే పున్నమి పొద్దున తమ్మున్ని చంకనేసుకుని బడి గేటు ముందు నుంచి ఇంటికి తిరిగిపోయే పిల్ల ఫొటో ఎక్కడా పడదు. వచ్చే మాఘం నాటికైనా శిశు సంక్షేమ శాఖ, విద్యాశాఖ, పంచాయతీలు ఒకచోట కూర్చుని ఈ పని చేపట్టాలి. అంగన్‌వాడీ గడియారాన్ని కూలీల ఆటో వేళకు మారిస్తే ఆ పిల్ల బడిలో కూర్చుంటుంది.