మూసిన పొట్లంలో దయ్యం

తమ్ముళ్లూ! రాత్రి కరెంటు పోగానే చింతచెట్టు దయ్యం కథ మొదలవని హాస్టల్ మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఉండదేమో. భయపడుతూనే ఇంకొకటి చెప్పమంటాం. ఈ సరదా మీద అమెరికాలో పెద్ద వ్యాపారమే నడుస్తుంది. దాని గురించి మా అభిప్రాయం ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పదలిచాం.

అక్కడ అక్టోబర్ 31న హాలోవీన్ పండుగ. పిల్లలు దయ్యాల వేషాలేసుకొని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు. ఆ పండుగ మీద 1993లో ‘ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ అనే బొమ్మల సినిమా వచ్చింది. కథ టిమ్ బర్టన్‌ది, దర్శకుడు హెన్రీ సెలిక్. అందులో హాలోవీన్ పట్నాన్ని ఏలే జాక్ అనే అస్థిపంజరానికి తన పండుగ మీద విసుగు పుడుతుంది. క్రిస్మస్‌ను తానే జరపబోయి, పిల్లలకు భయపెట్టే బహుమతులు పంచి అభాసుపాలవుతాడు.

అదే 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ ఆటతో, కార్డులు కొని కూడబెట్టుకొని ఆడే పద్ధతి మొదలైంది. 2005లో ఈ రెండూ కలిశాయి. నెకా అనే కంపెనీ ఆ సినిమా బొమ్మలతోనే కార్డుల ఆటను మార్కెట్లోకి తెచ్చింది.

ఇలాంటి ఆటల కిటుకు మూసిన పొట్లంలో ఉంటుంది. లోపల ఏ కార్డు ఉందో విప్పేదాకా తెలియదు. కొన్ని కార్డులు అరుదుగా వేస్తారు. అది దొరకకపోతే ఇంకో పొట్లం, ఇంకో పొట్లం. ఎక్కువ కొన్నవాడి చేతిలోనే బలమైన కార్డులు పడతాయి.

మనకిది కొత్తేం కాదు. మాలో కొందరం సబ్బుకు, నూనెకు ఇచ్చిన కాస్మొటిక్ చార్జీల పైసలు చిప్స్ పొట్లాల్లో వచ్చే బిళ్లల కోసం తగలేసి, నెలాఖరుకు పక్కవాడి సబ్బు అడుక్కున్నాం. అమ్మానాయనలు బొంబాయికి వలసపోయిన పిల్లలు దూరంగా కూర్చుని చూశారు. ఒకే వరుసలో కూర్చుని ఒకే అన్నం తిన్నవాళ్లం, ఆటలో మాత్రం కొనగలిగినవాళ్లు, కొనలేనివాళ్లు అని రెండు వరుసలయ్యాం. మా బాధంతా ఇదే.

అగ్గిపెట్టె బొమ్మల ఆటలో ఈ తేడా లేదు. బస్టాండులో, కిరాణా కొట్టు ముందు ఎవరు ఏరుకుంటే వాళ్లవే. ట్రంప్ కార్డులైనా అంతే, ఒక్క కట్ట ఉంటే నలుగురం ఎత్తు, బరువు పోల్చుకుంటూ ఆడేవాళ్లం.

అలాగని కార్డులు దొరకగానే చింపేయాలనే పెద్దలతో మేం ఏకీభవించం. ఆటలో లెక్క ఉంది, ఆలోచన ఉంది, స్నేహం ఉంది. తప్పు దయ్యానిది కాదు, పొట్లానిది.

మా సూచన ఒక్కటే. పాత నోటుబుక్కుల అట్టలు కత్తిరించి మన కార్డులు మనమే గీసుకుందాం. బొమ్మలకేం కొదవ? చనిపోయిన పెద్దలను తలచుకునే పెత్రమాస నాడే మన దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. కొరివి దయ్యం పక్కన తంగేడు, గునుగు కార్డులు వేద్దాం. ఎవరికి ఎంత బలమో అందరం కూర్చుని రాసుకుందాం. కట్ట మొత్తం హాస్టల్‌ది, ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో పెట్టాలి.

అప్పుడు గెలిచినవాడు తెలివితో గెలిచినట్టు. ఓడినవాడికి మరుసటి రోజు మళ్లీ అవే కార్డులు చేతికొస్తాయి.