సంపాదకుని మాట: చిరాగ్ అలీ లేన్ రేడియో

హైదరాబాద్‌లో కిషన్‌బాగ్ నుంచి మూసీ దాటి అబిడ్స్ వైపు వెళ్తే చిరాగ్ అలీ లేన్ వస్తుంది. మహబూబ్ అలీ సొంత పూనికతో 1933లో రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది అక్కడే. ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు; నేటి వంటింటి మిక్సీకే అంతకు రెండింతలకు పైగా కావాలి! 1935లో నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని తీసుకుంది. దక్కన్ రేడియోగా అది ఉర్దూతో పాటు తెలుగూ పలికింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది.

మహబూబ్ అలీ రేడియోను కనిపెట్టలేదు. ఆ ఘనత ఎవరిదన్న తగువులో మార్కోనీ పేరే గట్టిగా వినిపిస్తుంది. నాకది పూర్తిగా సమ్మతం కాదు. జగదీశ్ చంద్రబోస్ 1895లోనే కలకత్తాలో తీగ లేకుండా, గోడల అవతల గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపారు. ఆయన పరిశోధించిన మిల్లీమీటర్ తరంగాల చుట్టూ ఇప్పుడు 5జీ ఇంజినీర్లు తిరుగుతున్నారు. పేటెంట్లంటే ఆయనకు గిట్టేది కాదు. స్నేహితుల పోరు పడలేక రేడియో తరంగాలను పసిగట్టే గెలీనా డిటెక్టర్‌కు అమెరికాలో ఒకటి తీసుకున్నారు, 1904లో.

ఈ సంచిక మహబూబ్ అలీ, బోస్ ఇద్దరిదీ. మీ అటక మీద దక్కన్ రేడియో నాటి లైసెన్సు కాగితాలో, ఫొటోలో ఉంటే పాత సామాన్ల బండికి వేయకముందు మాకు చూపించండి.