సంచి నింపుకోవడం కాదు.. స్టాల్ లోపల నిలబడండి!

హైటెక్స్‌లో పెద్ద ఎగ్జిబిషన్ ఏదైనా జరుగుతుంటే మధ్యాహ్నానికి కాలేజీ బస్సులు దిగుతాయి. మెడలో విజిటర్ బ్యాడ్జీ, భుజాన ఉచితంగా ఇచ్చిన సంచి. స్టాల్ స్టాల్‌కీ ఆగి బ్రోచర్ తీసుకోవడం, పెన్ను దొరికితే జేబులో వేసుకోవడం, పెద్ద మెషీన్ ముందు సెల్ఫీ దిగడం. రెండు గంటల్లో సంచి నిండుతుంది. వారం తిరిగేసరికి అది హాస్టల్ మంచం కిందకి చేరుతుంది. నేనూ అలా వెళ్లొచ్చినవాణ్నే. అందుకే చెప్తున్నా.. ట్రేడ్ షో చూడ్డానికి వెళ్తే మిగిలేది సంచే. ఉద్యోగానికి పనికొచ్చేది నేర్చుకోవాలంటే టేబుల్‌కి అవతలివైపు మూడు రోజులు నిలబడాలి.

బీటెక్ మెకానికల్ అయ్యాక ఏడాది పాటు ఇంటర్వ్యూలు తిరిగి, చివరికి చర్లపల్లిలో పన్నెండు మంది పనిచేసే చిన్న యూనిట్‌లో చేరాను. పచ్చళ్లు, పొడులు నింపే పౌచ్ ప్యాకింగ్ మెషీన్లు తయారుచేస్తారు. చేరిన నాలుగో నెలలో మా సార్ జీవితంలో మొదటిసారి ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకున్నారు. స్టాల్ అద్దె, మెషీన్ రవాణా, బ్యానర్లు, భోజనాలు కలిపితే మా అందరి నెల జీతాల కంటే ఎక్కువే అయింది. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చారని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజే కరెంటు దెబ్బ

మేం తీసుకున్నది మామూలుగా దొరికే 3 మీటర్లు బై 3 మీటర్ల స్టాల్. అంటే 9 చదరపు మీటర్లు. మూడు వైపులా ప్యానెళ్లు, పైన కంపెనీ పేరు, ఒక టేబుల్, రెండు కుర్చీలు, లైట్లు, ఒక ప్లగ్ పాయింట్. మా మెషీన్‌కి త్రీ ఫేజ్ కావాలి, కంప్రెసర్ గాలి కావాలి. వాటికి ముందే ఫారం నింపి విడిగా డబ్బు కట్టాలని నిర్వాహకులు పంపిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం చదివే పని నాది. నేను చదవలేదు. ఉద్ఘాటన అయిపోయి జనం వస్తుంటే మా మెషీన్ బొమ్మలా నిలబడింది. అప్పటికప్పుడు ఎక్కువ రేటు కట్టి లైన్ వేయించుకునేసరికి మధ్యాహ్నం రెండైంది.

నాలుగేళ్లలో ఎన్నో అసైన్‌మెంట్లు కాపీ కొట్టి గడువులోపు పెట్టాను. ఒక ఫారం గడువు దాటితే ఇంకొకరి బంగారం కరుగుతుందని మాత్రం ఆ రోజే అర్థమైంది.

ఆవకాయ అడిగిన ప్రశ్న

సాయంత్రం గోదావరి జిల్లా నుంచి ఒకావిడ వచ్చారు. ఇంట్లో మొదలుపెట్టి ఇప్పుడు ఎనిమిది మందితో పచ్చళ్ల యూనిట్ నడుపుతున్నారట. మెషీన్‌ని కాసేపు చూసి, ‘బాబూ, ఆవకాయ నూనె సీల్ దగ్గర పడితే అతుకుతుందా?’ అని అడిగారు.

నాకు తెలీదు. అయినా ‘అతుకుతుందండీ, ఏం ప్రాబ్లం లేదు’ అనేశాను. ఇంటర్వ్యూల్లో తెలీదని ఒప్పుకోకూడదని ఎవరో నూరిపోసిన అలవాటు. ఆవిడ నవ్వారు. ‘మాకు అక్కడే లీకవుతాయి బాబూ, అందుకే ఇంత దూరం వచ్చాను’ అన్నారు. వెనక నుంచి మా సార్ వచ్చి, ‘పడితే సరిగా అతకదమ్మా. అందుకే నాజిల్ పౌచ్ లోపలికి దిగి నింపుతుంది, పైకి లేచేటప్పుడు బొట్టు కారకుండా మూసుకుంటుంది. చూడండి’ అని నడిపి చూపించారు. ఆవిడ అరగంట ఉన్నారు. కార్డు ఇచ్చి, రేటు పంపమన్నారు.

‘తెలీదండీ, ఇప్పుడే కనుక్కుని చెప్తాను’ అనే మాట విలువ నాకు ఏ మాక్ ఇంటర్వ్యూలోనూ ఎవరూ నేర్పలేదు. అవతలివాళ్లు మార్కులు వేయడానికి కాదు, తమ ఇబ్బంది తీర్చుకోవడానికి అడుగుతున్నారని తెలిసిన రోజు మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

రెండో రోజు కుర్చీలు వెనక్కి నెట్టేశాం. కూర్చుని ఫోన్ చూసుకునేవాడి దగ్గరికి ఎవరూ రారు. ‘ఏం కావాలండీ?’ అంటే ‘ఊరికే చూస్తున్నాం’ అని వెళ్లిపోతున్నారు. ‘మీరేం ప్యాక్ చేస్తారండీ?’ అంటే ఆగుతున్నారు. ఒక్క ప్రశ్న మార్చినందుకు మొదటి రోజు 19 కార్డులు వస్తే, రెండో రోజు 50 దాటాయి.

రబ్బరు బ్యాండులో మిగిలిన ఆర్డర్

మూడు రోజులకు మొత్తం 126 కార్డులు. రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పెట్టాను. అందరికీ ఫోన్ చేయాల్సింది నేనే. అలసట, ఆగిపోయిన పాత పనులు, కాస్త బెరుకు.. మూడు వారాలు గడిచాయి. చివరికి పచ్చళ్లావిడకి చేస్తే, ‘మీరు ఫోన్ చేస్తారని పది రోజులు చూశాను బాబూ. వేరేవాళ్ల దగ్గర తీసేసుకున్నాం’ అన్నారు.

సార్ అరవలేదు. ‘మొత్తం ఖర్చుని 126తో భాగించు. ఒక్కో కార్డు మనకెంత పడిందో తెలుస్తుంది’ అన్నారంతే. ఆ లెక్క వేశాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. నుమాయిష్‌లో సరుకు అక్కడికక్కడే అమ్ముడుపోతుంది. ట్రేడ్ షోలో అమ్మకం షో ముగిశాకే మొదలవుతుంది. ఆ తర్వాతి షోలో నేను ఏ రోజు కార్డులు ఆ రాత్రే కాగితం మీద రాసుకున్నాను. ఎవరు, ఏం ప్యాక్ చేస్తారు, ఎప్పుడు కావాలి.. వారంలోపు అందరికీ ఫోన్ వెళ్లింది.

మరి మీరేం చేయాలి?

చాలా షోల వెబ్‌సైట్లలో ఎగ్జిబిటర్ల జాబితా ముందుగానే పెడతారు. పెద్ద కంపెనీల జోలికి వెళ్లొద్దు, వాళ్లకి మనుషులున్నారు. చిన్న యూనిట్లను వెతకండి. నెల ముందు ఫోన్ చేసి ‘సార్, మూడు రోజులు మీ స్టాల్‌లో ఉంటాను, అంతకుముందు రెండు రోజులు ఫ్యాక్టరీకొచ్చి మెషీన్ నేర్చుకుంటాను’ అని అడగండి. మొదటిసారి స్టాల్ పెట్టేవాళ్లకి మనిషి అవసరం చాలా ఉంటుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్టాల్ అద్దెలో కొంత తిరిగిచ్చే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పథకం ఉంది. ఆ షరతులు చదివి, కాగితాలు సిద్ధం చేసిపెడితే మీకు ఇంకా విలువ.

ఫ్రీగా చాకిరీ చేయించుకుంటారని కొందరంటారు. నిజమే, అలాంటివాళ్లూ ఉంటారు. అందుకే రోజుకెంత ఇస్తారో, భోజనం, చార్జీల సంగతేంటో ముందే అడగండి. అడగడం తప్పు కాదు, అదీ పనిలో భాగమే. ఇంగ్లిష్ రాదని భయమా? మా స్టాల్‌కి వచ్చినవాళ్లలో చాలామంది తెలుగులోనో హిందీలోనో మాట్లాడారు. నలుగురిలో మాట్లాడలేనంటారా? ఇక్కడ వేదిక ఉండదు, ఎదురుగా ఒక్క మనిషే ఉంటారు.

ఏటా మనం తిరిగే నుమాయిష్‌ని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టింది ఎవరో తెలుసా? ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులే. స్థానిక సరుకుల్ని జనం ముందుకు తేవాలని స్టాళ్లు పెట్టించారు. డిగ్రీ చేతికొచ్చినవాళ్లు స్టాల్ దగ్గర నిలబడటం మన ఊరికి కొత్తేం కాదు.

ఈసారి కాలేజీ బస్సు ఎగ్జిబిషన్‌కి బయల్దేరితే వెళ్లండి, తప్పేం లేదు. సంచి మాత్రం తీసుకోకండి. మనుషులు చాలక తడబడుతున్న చిన్న స్టాల్ ఒకటి చూసుకుని, కార్డు అడిగి తీసుకోండి. వచ్చే షోకి మనిషి కావాలా అని ఆ వారంలోనే ఫోన్ చేయండి. నాలాగా మూడు వారాలు ఆగొద్దు.