నడుము నొప్పికి ఏ పరుపు?

ప్రశ్న: నా వయస్సు 45. ఏడాదిగా నడుము నొప్పి. వట్టి చెక్కబల్ల మీద పడుకోమంటారు మా అత్తగారు. ఖరీదైన పరుపు కొంటానంటాడు మా అబ్బాయి. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: తొందరపడకండమ్మా. ముందు మంచం చూసుకోండి. నవారు సాగి గుంటపడితే ఎంత ఖరీదు పరుపు వేసినా దండగే. బల్ల కూడా అక్కర్లేదు. 2003లో స్పెయిన్ వైద్యులు 313 మంది నడుము నొప్పివారిని 90 రోజులు పరీక్షిస్తే, బాగా గట్టి పరుపులకన్నా మధ్యరకం వాటిమీదే ఎక్కువ గుణం కనిపించింది. కొనేముందు దుకాణంలోనే పావుగంట పడుకోండి, మొహమాటపడకండి! పక్కకు తిరగడం కష్టమైతే అది మరీ మెత్తన. భుజం, తుంటి ఒత్తుకుంటే మరీ గట్టి. పాత దూది పరుపుంటే ఏకించి కుట్టించినా సరిపోవచ్చు. కాలు మొద్దుబారినా, మూత్రం సరిగా రాకపోయినా మాత్రం పరుపు సంగతి వదిలేసి వెంటనే డాక్టరుకు చూపించుకోండి.