వేంగి యుద్ధం ఎవరి పద్దు

2025 మే 7న మొదలైన భారత్-పాకిస్తాన్ పోరు 10వ తేదీ సాయంత్రానికి ఆగింది. హమ్మయ్య అనుకున్నవాళ్ళతో పాటు, ఇంకొన్నాళ్ళు కానిస్తే ఒక దారికొచ్చేది కదా అని చిన్నబుచ్చుకున్నవాళ్ళూ మన మధ్యే ఉన్నారు. టీవీ చర్చల్లోనే కాదు, సాహిత్య సభల్లోనూ ఆ మాట విన్నాం. ఆ కొద్ది రోజుల్లోనే సత్యసాయి జిల్లా కల్లితండాలో ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంది. ఇంకొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు? ఇరుగుపొరుగు రాజ్యాలకు పట్టుదలలు పెరిగి, ఎవరూ పూర్తిగా గెలవక, ఎవరూ పూర్తిగా ఓడక యుద్ధం సాగిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి పరదేశాల చరిత్ర తిరగేయనక్కర్లేదు. రామచంద్రపురం దాటి ద్రాక్షారామం వెళితే చాలు.

భీమేశ్వరాలయం స్తంభాల మీదా గోడల మీదా వందలాది శాసనాలున్నాయి. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో వీటిది పెద్ద వాటా. చాలామటుకు దానశాసనాలే. ఫలానా దండనాయకుడు స్వామికి ఇన్ని మాడలు సమర్పించాడు, ఫలానా రాణి అఖండదీపానికి ఇంత మంద ఇచ్చింది అని ఉంటుంది. ఆ దాతల్లో ఎంతోమంది ఒకరికొకరు బద్ధశత్రువులు. ఒకచోట కులోత్తుంగ చోళుని రాజ్యసంవత్సరం లెక్క. ఇంకోచోట అతని ప్రత్యర్థి, కల్యాణి ఆరో విక్రమాదిత్యుడు, 1076లో తన పేర మొదలుపెట్టిన చాళుక్య విక్రమ శకం లెక్క. కళింగ గంగవంశం వాళ్ళ దానాలూ ఆ గుళ్ళోనే ఉన్నాయి.

1055-56 నాటి శాసనం ఒకటి కల్యాణి రాజు త్రైలోక్యమల్ల సోమేశ్వరుని మంత్రి నారాయణభట్టు కూతురు కుప్పమ చేసిన దానాన్ని చెబుతుంది. అప్పటికి వేంగి రాజు రాజరాజ నరేంద్రుడు బతికే ఉన్నాడు. అతను చోళుల అల్లుడు. అతని రాజ్యంలోని గుడికి శత్రురాజు మంత్రి కూతురు వచ్చి, శత్రురాజు పేరు చెప్పి దానం రాయించుకు పోయిందంటే గోదావరి మీద పెత్తనం ఎవరి చేతికి పోయిందో ఊహించుకోవచ్చు. భారత రచనలో నన్నయకు తోడ్పడిన నారాయణభట్టు ఇతనేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే, మన ఆదికావ్యం రెండు సైన్యాల నడుమ, అవతలి పక్షం పండితుడి చేయూతతో పుట్టింది.

ఎందుకింత పట్టు? అన్నం కోసం. కల్యాణి, అంటే ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్, మెట్టదేశం. దక్షిణాన కావేరి డెల్టాలో చోళులు. ఇద్దరికీ మధ్య తుంగభద్ర సరిహద్దు. తూర్పున కృష్ణా గోదావరుల నడుమ వేంగి. వరి అక్కడుంది, రేవులు అక్కడున్నాయి, కళింగానికి బాట అక్కడి నుంచే. అది కల్యాణికి దక్కితే చోళులకు ఉత్తరం దారి మూసుకుపోతుంది. చోళులకు దక్కితే కల్యాణికి రెండు పక్కలా శత్రువే. పైగా వేంగి, కల్యాణి రాజులిద్దరూ చాళుక్యులే. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 7వ శతాబ్దంలో ఇటు వచ్చి స్థిరపడ్డాడు. దాయాదుల తగాదాలోకి మేనమామలు దిగారు.

దిగిన తీరు ఇది. 973లో జటాచోడ భీముడు వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపి గద్దె పట్టాడు. దానార్ణవుని కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు ప్రాణాలు చేతపట్టుకుని చోళదేశం చేరారు. పాతికేళ్ళ తర్వాత రాజరాజ చోళుడు సైన్యమిచ్చి శక్తివర్మను గద్దె ఎక్కించాడు, కూతురు కుందవ్వను విమలాదిత్యునికిచ్చాడు. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రునికి మేనమామ కూతురు అమ్మంగదేవినిచ్చారు. ఆ దంపతుల కొడుకు రాజేంద్రునికి మళ్ళీ మేనమామ కూతురు మధురాంతకి. ప్రతి పెళ్ళీ ఒక సైనిక ఒప్పందమే.

ఆశ్రయమిచ్చినవాడు ఊరికే ఇవ్వడు. విమలాదిత్యుడు 1018 ప్రాంతంలో పోయాడు. నరేంద్రుని పట్టాభిషేకం 1022 ఆగస్టు 16 దాకా జరగలేదు. సవతి తమ్ముడు ఏడో విజయాదిత్యుడు కల్యాణి అండతో అడ్డుపడ్డాడు. 1030 దాటాక ఆ తమ్ముడూ కొన్నాళ్ళు గద్దె ఎక్కాడు. అన్నకు చోళ సైన్యం, తమ్ముడికి కల్యాణి సైన్యం. వేంగికి రాజెవరో వేంగిలో తేలే రోజులు అక్కడితో పోయాయి. యుద్ధంలో ఊళ్ళు కాలితే మళ్ళీ కట్టుకోవచ్చు. మన గద్దె మీద ఎవరు కూర్చోవాలో పొరుగువాడు తేల్చే అలవాటు ఒకసారి పడ్డాక దాన్ని వదిలించుకోవడం ఆ రాజ్యం వల్ల కాలేదు.

ఊళ్ళు కాలడమూ తక్కువేం కాదు. 1006లో కల్యాణి రాజు సత్యాశ్రయుడు పంపిన బయలనంబి ధరణికోట, యనమదల కోటలు తగలబెట్టి చేబ్రోలులో దిగాడు. మరుసటి ఏడు చోళసేన కన్నడదేశం మీద పడింది. తొమ్మిది లక్షల సైన్యం వచ్చి ఆడవాళ్ళనీ పిల్లలనీ బ్రాహ్మణులనీ చంపిందని ధార్వాడ ప్రాంతపు హొట్టూరు శాసనం చెబుతుంది. శత్రువు రాయించిన శాసనం కాబట్టి తొమ్మిది లక్షలు అతిశయోక్తి అనుకుందాం. కానీ చోళులు తమ ఘనతగా చెప్పుకున్నది చూడండి. కల్యాణపురాన్ని ధ్వంసం చేసి తెచ్చిన ద్వారపాలకుడని రాజాధిరాజ చోళుడు ఒక విగ్రహం మీదే చెక్కించాడు. ఆ విగ్రహం ఇప్పటికీ తంజావూరులో ఉంది. ఒకరి శాసనంలో అఘాయిత్యం, ఇంకొకరి శాసనంలో బిరుదు.

కొల్లేటి పక్క కలిదిండి దగ్గర చోళసేనకూ కర్ణాట సేనకూ జరిగిన పోరులో ముగ్గురు చోళ సేనానులు నేలకొరిగారు. రాజరాజ నరేంద్రుడు వాళ్ళ పేర అక్కడ గుళ్ళు కట్టించి, వాటి పోషణకు భూమి రాసిచ్చి తామ్రశాసనం వేయించాడు. తన కోసం పరాయిదేశం నుంచి వచ్చి చచ్చినవాళ్ళను తలచుకోవడం రాజు ధర్మమే. ఆ మడుల్లో తొక్కించిన పైరు ఎవరిది, ఆ ఏడు ఆ ఊళ్ళు ఏం తిన్నాయి అన్నది మాత్రం ఏ రాగిరేకు మీదా లేదు.

చోళదేశపు రైతుకూ సుఖం లేదు. వేంగి యుద్ధం ఖర్చుల కోసం వీరరాజేంద్ర చోళుడు వేలికి ఒక కళంజు బంగారం చొప్పున ప్రత్యేక పన్ను వేశాడు. వేలి అంటే సుమారు ఆరున్నర ఎకరాలు. కావేరి గట్టున దుక్కి దున్నుకునేవాడికి గోదావరి గట్టున రాజెవరైతేనేం? అయినా బంగారం తూచి ఇవ్వాలి. వేంగి కోసమని వేంగిలో వడ్లు పోయాయి, వేంగి కోసమనే తంజావూరు వైపు బంగారం పోయింది.

ద్రాక్షారామం అఖండదీపాల సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే యుద్ధపు డబ్బు ఎటు తిరిగిందో అక్కడే కంటికి కనిపిస్తుంది. ఒక సేనాని లేదా అతని భార్య దీపానికని గొర్రెల మంద ఇస్తుంది. ఆ మందను గుడి మంద కాసే ఒక బోయకు అప్పగిస్తుంది. అతను, అతని తర్వాత అతని పిల్లలు, సూర్యచంద్రులున్నంతకాలం స్వామికి రోజూ నెయ్యి కొలిచి పోయాలి. దాత పుణ్యం దాతకు దక్కింది, పేరు రాతికెక్కింది. మందకు రోగమొస్తేనో, దారిన పోయే దండు తోలుకుపోతేనో ఆ బోయ ఏం చేయాలి? నెయ్యి కొలత తప్పకూడదు, అంతే. సేనాని ఇచ్చిన మాడలన్నీ పన్ను రూపంలోనో దోపిడి రూపంలోనో ఎవరి చేతిలోంచి వచ్చాయో కూడా మనం అడగాలి. ఆ గుడి శిల్పాన్ని చూసి మురిసిపోయే హక్కు మనకుంది. ఈ ప్రశ్న అడిగాక మురిసిపోదాం.

ఇంతకీ గెలిచిందెవరు? 1054లో కొప్పం యుద్ధంలో రాజాధిరాజ చోళుడు ఏనుగు మీదే ప్రాణం విడిచాడు. తమ్ముడు ఆ రణరంగంలోనే కిరీటం పెట్టుకున్నాడు. కల్యాణి సోమేశ్వరుడు మానని రోగంతో 1068లో కురువత్తి దగ్గర తుంగభద్రలో దిగి ప్రాణత్యాగం చేశాడు. 1070లో నరేంద్రుని కొడుకు రాజేంద్రుడు కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. మనవాడు అరవదేశాన్ని ఏలాడని తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం. నాకందులో గర్వపడేదేమీ కనిపించదు. అతను అటు వెళ్ళాక నాలుగున్నర శతాబ్దాల వేంగి రాజ్యం ఒక పరగణా అయిపోయింది. కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకరిని ప్రతినిధులుగా పంపాడు. 1118లో అలా చివరగా వచ్చిన కొడుకు విక్రమ చోళుడూ దక్షిణానికి వెళ్ళిపోతే వేంగి నాయకుడు లేని దేశమైందని పిఠాపురం శాసనం చెబుతోంది. ఆ ఖాళీలోకి విక్రమాదిత్యుని దండనాయకుడు అనంతపాలుడు వచ్చాడు. పదిహేనేళ్ళు తిరక్కుండా కల్యాణి వాళ్ళూ వెనక్కి పోయారు. పెత్తనం చందవోలు వెలనాటి సామంతుల చేతికి పోయింది.

కొట్టుకున్న ఇద్దరూ నిలవలేదు. 1157 తర్వాత కల్యాణిని కలచురి బిజ్జలుడు కాజేశాడు. అతను వాళ్ళ కొలువులోని సామంతుడే. చోళులు 13వ శతాబ్దంలో అంతరించారు. ఆ ఇద్దరి నేలనూ పంచుకున్న హొయసళులూ, సేఉణ యాదవులూ, మన కాకతీయులూ ఆ యుద్ధాల్లో కత్తి పట్టి ఎదిగిన సామంతులే. కాకతీయ మొదటి ప్రోలరాజుకు అనుమకొండ, అతని సేవకు మెచ్చి సోమేశ్వరుడు ఇచ్చినదే. ఎడతెగని యుద్ధం ఎప్పుడూ సైన్యాన్ని నడిపేవాణ్ణి పెంచి, సైన్యాన్ని పంపినవాణ్ణి తింటుంది.

ఆ యుద్ధాల నడుమ పుట్టిన నన్నయ భారతం అరణ్యపర్వంలో ఆగింది. కురుక్షేత్రం దాకా రాలేదు. యుద్ధపర్వాలు తెలుగులో చదువుకోవడానికి మనం తిక్కన దాకా, ఇంచుమించు రెండు వందల ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఇదంతా పాత కథ అనేవాళ్ళకు కోనసీమలో బతికున్న సాక్షులున్నారు. ఇరాన్, ఇరాక్ ఇరుగుపొరుగు దేశాలు. 1980 సెప్టెంబరు నుంచి 1988 ఆగస్టు దాకా ఎనిమిదేళ్ళు కొట్టుకున్నాయి. యుద్ధం ముగిసేసరికి సరిహద్దు ఎక్కడిదక్కడే ఉంది. షత్తల్ అరబ్ నది మీది 1975 ఒప్పందపు గీతనే సద్దాం హుస్సేన్ 1990లో మళ్ళీ ఒప్పుకున్నాడు. మిగిలింది అప్పు. ఒక్క కువైట్‌కే ఇరాక్ సుమారు 1,400 కోట్ల డాలర్లు బాకీ. మాఫీ చేయమంటే కువైట్ చేయలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది.

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు నుంచి ఇంటిపనికీ డ్రైవరు పనికీ వెళ్ళినవాళ్ళు ఎందరో అక్కడున్నారు. మొత్తం భారతీయులు లక్షా డెబ్బై వేలకు పైనే. ఆక్రమించినవాళ్ళు కువైటీ దినారును ఇరాకీ దినారుతో సమానం చేశారు. బజారులో అంతకుముందు దాని విలువ ఎన్నోరెట్లు ఎక్కువ. తర్వాతి నెలలో కువైటీ దినారు చెల్లదన్నారు. పెట్టె అడుగున దాచుకున్న కూతురి పెళ్ళి డబ్బు ఒక్క ప్రకటనతో కాగితమైంది. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారి శిబిరాలకూ, అక్కడ అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికీ లక్షా పదివేల మందికి పైగా చేరారు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, షత్తల్ అరబ్ నది గట్టు తగాదా మలికిపురం పక్క ఊరి ఇంటి మీద పడింది.

దేశం మీదా పడింది. చమురు ధర ఎగిసింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. మన ఖజానాకు అంతకుముందే ఉన్న జబ్బుకు ఇది తోడై 1991 జులైలో సుమారు 47 టన్నుల బంగారం విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. ప్రధానిగా పి.వి. నరసింహారావుకు అది మొదటి నెల. ముప్ఫై ఏళ్ళు దాటిన సంగతి అని కొట్టిపారేయకండి. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఎరువుల ధరలు పెరిగి, బడ్జెట్లో 1.05 లక్షల కోట్లనుకున్న సబ్సిడీ ఆ ఏడాది ముగిసేసరికి 2.5 లక్షల కోట్లు దాటింది. అది డెల్టా రైతు బస్తా మీద పడకుండా ప్రభుత్వం మోసింది. మోసిన డబ్బు కూడా మనదే.

యుద్ధం సాగాలని కోరేవాళ్ళు ఎంత ఖర్చవుతుందో, ఎవరు కడతారో ముందు చెప్పాలి. చెప్పకుండా అడిగే యుద్ధానికి ఈ పత్రిక ఏ రోజూ మద్దతివ్వదు.

రాజుల లెక్క భీమేశ్వరుని స్తంభాల మీద పదిలంగా ఉంది. కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ కథలు అలా పదిలంగా లేవు. వాళ్ళలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటివాళ్ళుంటే కూర్చోబెట్టి అడగండి. ఎలా వచ్చారు, ఏం పోగొట్టుకున్నారు, ఎవరికి ఎంత అప్పుపడ్డారు, ఆ అప్పు ఎన్నేళ్ళకు తీరింది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి మాకు పంపండి. పేర్లు వద్దంటే వేయం. అప్పటి ఉత్తరాలుంటే అచ్చువేసి భద్రంగా తిరిగి పంపిస్తాం.